బానెట్ కింద విభూతి

“సెయ్యి తియ్యత్తా! అది కారుకి చేసిన విశ్వకర్మ పూజ విభూతి,” కసిరాడు గౌరీశంకర్.

కారు బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద పేరుకున్న తెల్లపొడిని తుడవబోయిన సన్యాసమ్మ ఆగింది.

“పూజయి పది నెలలయింది బాబూ. విభూతి నెలనెలా పెరుగుతాదేటి?”

“నీకేటి తెలుసు కార్ల సంగతి?”

“అమ్మ రైల్వే బ్యాటరీ రూములో ఇరవయ్యేళ్లు చేసింది,” అంది కారులో కూర్చున్న రోహిణి.

“అరే, ఖలాసీయే కదా, ఉత్త హెల్పరు! నేను ప్లాంటులో సూపర్‌వైజర్ని. రోజంతా ఇనుముతోనే నా పని.”

సన్యాసమ్మ నవ్వింది.

“అలగైతే, బ్యాటరీని పట్టి ఉంచే ఈ ఇనప క్లాంపుకి దండవెట్టు. సేత్తో ముట్టి మరీ ఎట్టు.”

అతను వెటకారంగా క్లాంపు పట్టుకుని ఊపాడు. అది అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చింది. బ్యాటరీ పక్కకి జరిగింది.

“బ్యాటరీలోంచి యాసిడ్ ఆవిరొత్తాది బాబూ, ఈ తెల్లపొడి దాందే. పక్కనున్న ఇనుమంతా తినేత్తాది. గుంతలో కారు ఎగిరి, బ్యాటరీ ఈ బానెట్ రేకుకి తగిలిందంటే నిప్పే. నా పిల్లని రోజూ గమ్హరియా దాకా దీన్లోనే తిప్పుతన్నావు.”

గౌరీశంకర్ విరిగిన ముక్కను కింద పెట్టాడు.

“రోహిణీ, దిగు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఏటి తెమ్మంటావత్తా?” అని అడిగాడు.

“తినేసోడా కలిపిన నీళ్లు, పాత బ్రష్షు. కడిగి ఆరాక రాయడానికి వాజలీను.”

అతను వంటింటి వైపు కదిలాడు.

“బేగి రా!” వెనక నుంచి కేకేసింది సన్యాసమ్మ. “ఖలాసీ ఇంత నెమ్మదిగా నడిత్తే మా సూపర్‌వైజరు ఊరుకునేవోడు కాదు.”