మేకు కొట్టేవాడు

ముసలావిడ ఇచ్చిన చీటీకి మేకు కొట్టబోయి అతను తన బొటనవేలు కొట్టుకున్నాడు.

"అయ్యో, నెమ్మది నాయనా! తొందరేముంది?" అందావిడ.

తొందర కాదు. ఈసారి చీటీలో ఏం రాసిందా అనుకుంటూ ఉంటే గురి తప్పింది.

ఆ చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ఒక పద్ధతి ఉంది. ఎవరి తప్పు వాళ్లు చీటీ మీద రాసి, మడిచి, ఆవరణలో నిలబెట్టిన కొయ్య సిలువకు మేకుతో కొట్టుకోవాలి. ఆరాధన అయ్యాక ఆ చీటీలను ఎవరూ విప్పకుండా కాల్చేస్తారు. సుత్తి అందించడం, చేతకానివాళ్లకు కొట్టిపెట్టడం, చివర్న కాల్చడం చర్చి ఊడ్చే అతని పని.

టైలరు చీటీ ఏటా లావుగా ఉండేది.

"ఏడాది పాపాలన్నీ ఒకే మడతలో తెస్తే మేకు దిగొద్దా బావా?"

"అందులో సగం నీకింకా కుట్టివ్వని చొక్కా సంగతే. కొట్టవయ్యా!"

ముసలావిడది మాత్రం చిన్న చీటీ. ఆవిడ ఈ చర్చి మనిషి కాదు. ఏడాదికి ఈ ఒక్క రోజే ఎక్కణ్ణుంచో బస్సులో వచ్చి ఆఖరి బెంచీలో కూచునేది. చేతులు వణుకుతాయని చీటీ అతనికిచ్చేది. ఇంకెవరు కొడతామన్నా ఇచ్చేది కాదు.

"నువ్వే కొట్టాలి నాయనా."

మొదటి దెబ్బ పడగానే కళ్లు మూసుకునేది.

"కోడల్ని రాచిరంపాన పెట్టుంటుంది," అంది ఒకసారి చర్చిలో కీబోర్డు వాయించే టీచరమ్మ. "కాల్చేముందు విప్పి చూడరాదూ? మనిద్దరి మధ్యే ఉంటుందిలే."

"మీ చెవిన పడ్డాక ఇద్దరి మధ్య ఎక్కడుంటుందండీ?"

నవ్వేశాడు గానీ, చూడాలని అతనికీ ఉండేది. ఒక ఏడు మంట దగ్గర మడత సగం విప్పాడు కూడా. 'వాణ్ణి' అన్న ఒక్క మాట కనబడింది. భయమేసి మంటలో పడేశాడు.

అందరి చీటీలూ కొట్టే మనిషి తన చీటీ మాత్రం ఎన్నడూ కొట్టలేదు. రాసుకుని జేబులోనే ఉంచుకున్నాడు.

పన్నెండేళ్ల కిందట అతను రైలు గేటు దగ్గర పనిచేసేవాడు. ఒక బండి వెళ్లిపోయింది కదా అని గేటెత్తాడు. రెండో లైను మీద ఇంకోటి వస్తోందన్నది మరిచాడు. ఒక యువకుడు పోయాడు. అతని ఉద్యోగం పోయింది. రెండేళ్లు జైల్లో ఉన్నాడు.

"సిలువ ఉన్నది అందుకే కదయ్యా," అనేవారు పాస్టరుగారు. "దేవుడు క్షమించాడని నమ్మలేవా?"

"నమ్ముతానయ్యగారూ. కానీ కొడుకుని పోగొట్టుకున్నది ఆయనొక్కడే కాదుగా. ఆ ఇంటివాళ్లు క్షమించామని ఒక్క మాటంటే, ఆ రోజే కొడతాను."

"వెళ్లి అడగరాదూ?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

వేలికి దెబ్బ తగిలిన ఆ రోజు, చీటీ జారి కింద పడింది. మడత విచ్చుకుంది.

అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క అక్షరం లేదు.

"రాయడం మరిచారు పెద్దమ్మా."

"మరవలేదు. ఈ ఏడు రాయడానికేం లేదు."

"మరి ఇన్నేళ్లూ ఏం రాశారు?"

అడిగాక నాలుక కరుచుకున్నాడు. ఆవిడకు కోపం రాలేదు. అతని వేలు పట్టుకుని చిన్నపిల్లలకు ఊదినట్టు ఊదింది.

"తొమ్మిదేళ్లూ ఒకటే రాశాను. ఒకడి మీద పగ. ఇక్కడ కొట్టించి వెళ్లేదాన్ని. ఇంటికి పోయి తాళం తీసేసరికి నాకంటే ముందే లోపల కూచునుండేది."

అతను ఆ ఖాళీ చీటీని మళ్లీ మడిచాడు.

"ఒకటి చెప్పు నాయనా. ఆయనకు మేకులు కొట్టారే, వాళ్లు క్షమించమని అడిగారా?"

"లేదు పెద్దమ్మా."

"అడక్కముందే ఇచ్చేశాడు. అదే నాకు మింగుడు పడేది కాదు. ముందు వాడొచ్చి నా కాళ్ల మీద పడాలి, అప్పుడు చూద్దాం అనుకునేదాన్ని."

"వచ్చాడా?"

"రాలేడు. ఆ సంగతి తెలుసుకోడానికి ఇన్నేళ్లు పట్టింది. సరే గానీ, నీ చీటీ కొట్టవేం?"

"నా అంతట నేను కొట్టుకునేది కాదు పెద్దమ్మా. ఒకళ్లు ఊఁ అనాలి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. అంతలో వీధిలో బస్సు హారను మోగింది.

"వచ్చే ఏడు చెబుతాలే," అని అతని తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఇటు తిరగలేదు.

మరుసటి ఏడు అందరి చీటీలూ అయిపోయాయి. అతను సుత్తి పట్టుకుని వీధి వైపే చూస్తున్నాడు.

బస్సు దిగి నలభై ఏళ్లావిడ ఒకామె వచ్చింది.

"మేకులు కొట్టేది మీరేనా అండీ? ఏటా మా అమ్మ వచ్చేది."

"ఏరీ పెద్దమ్మగారు?"

"పోయి నెలైంది."

అతను సుత్తి కింద పెట్టాడు. పదేళ్లలో ఆవిడ పేరైనా అడగలేదు.

"మీకో మాట చెప్పమందండీ. తను ఊఁ అన్నానని, ఇక మీ చీటీ కొట్టెయ్యమని."

"ఎంత మంచావిడమ్మా! కానీ ఆవిడంటే సరిపోదు. ఆ మాట అనాల్సినవాళ్లు వేరే ఉన్నారు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వేరే ఎవరూ లేరండీ, ఆ రోజు మీ గేటు దగ్గర పోయింది మా తమ్ముడే."