రెండు పీచ్ పళ్లు

శనివారం బజారులో రైతు వెండెల్ నాకు తూకం ప్రకారమే ఇస్తాడు. పక్కింటి నదీన్ సంచిలో మాత్రం రెండు పీచ్ పళ్లు ఎక్కువేస్తాడు. ఆవిడ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మంట.

ఇవాళ అడిగేశాను. "ఏమయ్యా, ఈవిడేమన్నా నీ అత్తగారా?"

"డబ్బుకి బదులు ఆవిడ ఇచ్చేవి చెక్క బిళ్లలమ్మా. వాటికి చిల్లర ఇవ్వకూడదు. అందుకే మిగిలినదానికి పళ్లు వేస్తాను."

నదీన్ దాచుకోలేదు. "బజారు మొదట్లో ఆ గుడారంలో, లేనివాళ్లకిచ్చే సర్కారు తిండి కార్డు గీకితే బిళ్లలిస్తారు. నీకెందుకులే, నోట్లున్నదానివి."

"నాకేం ఖర్మ" అని మూతి తిప్పాను.

ఆఖరి పది డాలర్ల నోటు కోసం పర్సు తడుముతుంటే చేతికి తగిలింది, మూడు నెలల కిందట నా పేరున వచ్చిన అదే కార్డు. ఇంకా అడుక్కి తోసేశాను.