ఇంటికి ఇద్దరు పెద్దలు

బొమ్మ మళ్ళీ ఆగిపోయింది.

తెర మీద డాక్టరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మాట వినబడక ఆమె చేతులు కూడా గాల్లోనే ఆగాయి.

వినికిడి లేని రోగులకు డాక్టరు మాటల్ని సైగల్లో చెప్పడం ఆమె వృత్తి. పనంతా ఇంటి నుంచే. కంప్యూటర్లో డాక్టరు, పక్కన ఫోన్లో రోగి. ఇలా మధ్యలో తెగిపోవడం ఇది రెండోసారి. మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం ఇస్తామనీ, అప్పుడూ ఇంతే అయితే వేరే మనిషిని చూసుకుంటామనీ ఆసుపత్రివాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు.

"పోతే పోయిందిలే అమ్మాయ్. ఇంకో పని దొరక్కపోదు," అన్నారు అత్తగారు.

"నా పని సంగతి కాదత్తయ్యా. మందు పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో ఆ మనిషికి తెలియాలా వద్దా? ఇవాళ దీని అంతు తేలుస్తాను."

ఇంట్లో వైఫై పెట్టెలు రెండు. కింద హాల్లో ఉన్నది కంపెనీవాళ్ళు పెట్టింది. మేడ మీద ఆమె పనిచేసే గదికి సిగ్నల్ అందడం లేదంటే మరిది ఇంకొకటి కొనుక్కొచ్చి, రెంటికీ మధ్య మెట్ల వెంట వైరు లాగి, "ఇక చూసుకో వదినా" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ చూసుకుంటూనే ఉంది. కంప్యూటరు పలికితే ఫోన్ పలకదు, ఫోన్ పలికితే కింద టీవీ పలకదు.

కంపెనీకి పొద్దున్నే ఫిర్యాదు పంపింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి కింది పెట్టె మీద అంటించిన నంబరుకు ఫోన్ చేసింది.

"చెప్పండమ్మా," అంది ఒక పెద్దవయసు గొంతు.

"నెట్ ఆగిపోతోంది. వెంటనే ఎవరినైనా పంపండి."

అవతలి మనిషి కాస్త తటపటాయించాడు.

"పంపడానికి ఎవరూ లేరు గానీ, ఏమైందో చెప్పండి. చూద్దాం."

ఆమెకు ఒళ్ళు మండింది.

"జీతం తీసుకుని కుర్చీలో కూర్చుని చూస్తారా? మీ పైవాళ్ళకివ్వండి ఫోన్."

"నా పైన ఎవరూ లేరమ్మా. ముందు సంగతి చెప్పండి."

విసుక్కుంటూనే అంతా చెప్పింది.

"ఆ మెట్ల వైరు పీకేయండి. కింద టీవీ ఎలా ఉంది?"

"బాగానే వస్తోంది."

"అయితే లైను మంచిదే. ఇప్పుడు వైరు తగిలించి, రెండో కొస మేడ మీది పెట్టెకు కాకుండా తిన్నగా కంప్యూటరుకు పెట్టండి."

మెట్లెక్కి పెట్టింది. కంప్యూటరు చక్కగా పనిచేసింది.

"వైరూ మంచిదే. గొడవంతా ఆ రెండో పెట్టెతోనే."

"దాన్ని తీసేస్తే ఇక్కడ ఫోనుకు సిగ్నల్ ఎలా వస్తుంది? నాకు రెండూ కావాలి."

"తీసేయక్కర్లేదు. మొన్న ఒకాయనింట్లోనూ ఇదే తంతు. ఇంట్లో ప్రతి ఫోనుకీ, కంప్యూటరుకీ పెట్టె ఒక నంబరిస్తుందమ్మా. మీ ఇంట్లో రెండు పెట్టెలూ పోటీపడి ఇచ్చేస్తున్నాయి. ఇంటికి ఇద్దరు పెద్దలైతే పిల్లలు ఎవరి మాట వింటారు?"

పక్కనే నిలబడి స్పీకర్లో వింటున్న అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"రెండోదాన్ని పెత్తనం మానేయమని చెప్పాలి. సిగ్నల్ పంచితే చాలు."

దాని పాస్‌వర్డ్ మరిదికే తెలుసు. మరిది ఫోన్ ఎత్తలేదు.

"పెట్టె వెనక చిన్న కన్నం ఉంటుంది. పిన్నీసుతో నొక్కిపట్టండి, పాతవన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకుందాం."

కంప్యూటరు తెర మీద ఒక్కొక్క గడీ ఆయన చెప్పడం, ఆమె వెతుక్కోవడం. రెండుసార్లు తప్పింది. తప్పినప్పుడల్లా ఆయన మీదే అరిచింది. ఆయన మాత్రం, "ఫర్లేదు, మళ్ళీ చేద్దాం," అన్నాడు. చివరికి నంబర్లిచ్చే గడిలో టిక్కు తీసేసి, పెట్టెకు ఆయన చెప్పిన కొత్త నంబరు వేసి, వైరు తగిలించింది.

కంప్యూటరు, ఫోన్, కింద టీవీ అన్నీ ఒకేసారి పలికాయి.

"ఇంత చాకిరీ నాతో చేయించే బదులు మనిషిని పంపితే ఏం పోయేది?" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. పని దక్కింది. కోపం మాత్రం దిగలేదు. కంపెనీకి ఇంకో ఫిర్యాదు పంపింది, ఈసారి తను చేసిన నంబరు కూడా రాసి, ఆ పెద్దాయన మీద.

మర్నాడు కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"క్షమించండి మేడమ్. స్టిక్కరు మీద మా నంబరులో ఒక అంకె తప్పుపడింది. మీ ఫిర్యాదు చూశాకే మాకు తెలిసింది. మీరు మాట్లాడింది మావాళ్ళతో కాదు. మా మనిషినని చెప్పుకుంటే పోలీసులకు చెబుతామని ఆయన్ని గట్టిగా హెచ్చరించాం."

"అయ్యో, ఆయన ఎక్కడా అలా చెప్పుకోలేదండీ. నేనే అనుకున్నాను."

సిగ్గుతో చచ్చిపోతూ మళ్ళీ ఆ నంబరుకే చేసింది. చాలాసేపు మోగాక ఒక పెద్దావిడ ఎత్తింది.

"ఆయన మాట్లాడరమ్మా. నిన్న సాయంత్రం నుంచి ఫోన్ ముట్టుకోవడం లేదు."

"ఆయన కంప్యూటర్ల పని చేసేవారా?"

"జన్మలో కంప్యూటరు ముట్టుకోలేదు. మీలాగే కంపెనీ అనుకుని ఫోన్ చేసినవాళ్ళనే ఇదేమిటి, అదేమిటని అడిగేవారు. ఒకరింట్లో బాగుపడిన ఉపాయం ఇంకొకరికి చెప్పేవారు."

"రాంగ్ నంబరని పెట్టేస్తే పోయేది కదమ్మా. నాతో అన్ని మాటలు పడి..."

పెద్దావిడ తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"మా అబ్బాయి ఆసుపత్రి మంచం మీంచి వీడియోలో ఏదో చెప్పబోతుంటే బొమ్మ ఆగిపోయిందమ్మా, వాడు పోయేదాకా ఈయన మా నెట్ కంపెనీకి ఫోన్ చేస్తూనే ఉన్నారు, అవతల ఒక్కరూ ఎత్తలేదు."