నలభై ఒకటో బ్యాటరీ

"ఈ ఐసు సంచి మళ్లీ ఎవరు తీశారు?" థోవా గట్టిగా అరిచింది.

మూల బల్ల మీద కూర్చున్న కొత్త మనిషి చెయ్యెత్తాడు.

"నేనే, చెల్లెమ్మా."

హనోయ్‌లో జూన్ మధ్యాహ్నం. ఇరుకు సందులో నాలుగంతస్తుల సన్నటి ఇల్లు. కింద థోవా ఐసు టీ కొట్టు. దాని వెనకే అద్దెకున్నవాళ్ల బ్యాటరీ స్కూటర్లు పన్నెండు, వరసగా ఛార్జింగ్‌లో ఉన్నాయి.

వాటి పైన గోడకు ఒక తెల్లపెట్టె. వేడి హద్దు దాటితే అది కూత పెడుతుంది.

ఎండలు ముదిరాక అది రోజూ కూసింది. కూసినప్పుడల్లా టీ తాగేవాళ్లు గ్లాసులు వదిలి వీధిలోకి పరుగెత్తారు. నాలుగు రోజులు చూసి, థోవా ఒక సంచిలో ఐసు పోసి పెట్టెకు కట్టింది.

కూత ఆగింది. టీ అమ్ముడుపోయింది.

"చంటిబిడ్డ ఏడిస్తే నోరు మూస్తారా, ఎందుకేడుస్తోందో చూస్తారా?" అన్నాడు కొత్త మనిషి.

థోవాకు చురుక్కుమంది. మూడో అంతస్తులో ఆమె కూతురు లువా పదిహేడు రోజుల బాలింత. నెల నిండేదాకా కిటికీ తీయకూడదు, గడప దాటకూడదు. పైగా దిగడానికి ఉన్నది ఒకటే మెట్లదారి. అదీ స్కూటర్ల మధ్య నుంచే.

"నా ఇంటి సంగతి నీకెందుకన్నా? టీ తాగావుగా, లే."

అతను లేచాడు గానీ బయటికి పోలేదు. చివరి స్కూటర్ దగ్గరికి వెళ్లి, చెయ్యి తిరగేసి బ్యాటరీకి ఆనించాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు.

"ఇది ఉబ్బింది. ఎవరిది?"

"నాదే," అన్నాడు ఖొయా. ఊరంతా పార్సిళ్లు తిప్పేవాడు. "ఎన్నో నెలంటావు?"

టీ తాగేవాళ్లంతా పగలబడి నవ్వారు. అతను నవ్వలేదు.

"ఇది నాకిచ్చెయ్ తమ్ముడూ. కొత్తది తెచ్చాను. ఊరికే ఇస్తాను."

థోవా ఖొయాను పక్కకు లాగింది. బేరంలో ఎదుటివాడి లాభం కనబడకపోతే మోసం మనకేనని ఆమె లెక్క.

"పాతదానికి కొత్తది ఊరికే ఇచ్చేవాడు దొంగయినా కావాలి, పిచ్చివాడయినా కావాలి. ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను, మూడోరకం మనిషిని చూడలేదు. ఇవ్వకు."

"నా పాతదాంట్లో బంగారం గానీ ఉందా పిన్నీ?"

"ఏమో! నువ్వు మాత్రం వదలకు."

ఆ బ్యాటరీ మీద ఒక కాగితం అంటించి ఉంది. 'పరీక్షించాను, భయం లేదు' అని రాసి, కింద నీలిసిరాతో సంతకం, తోక గాలపుముల్లులా వంచి. ఐదు నెలలుగా ఎవరు భయపడినా థోవా ఆ సంతకమే చూపించేది. కూతురికీ అదే చూపించింది.

ఇప్పుడు ఇతనికీ చూపించింది.

"చదవడం వచ్చా? పరీక్షించి మరీ సంతకం పెట్టాడు. ఆ పెట్టినవాడికంటే నీకెక్కువ తెలుసా?"

అతని మొహం వాడిపోయింది.

"అతను పొరబడ్డాడు చెల్లెమ్మా. ఆ సంతకం పెట్టినవాడు..."

"ముక్కూమొహం తెలియనివాడి మీద నిందలా? నడువ్!"

అతను వెళ్లాడు. ఎంతో దూరం కాదు. సందుకు అవతల చెరుకురసం బండి దగ్గర కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే.

"పోనీ, ఆ ఐసైనా తీసెయ్యండి!" అని అక్కడినుంచే అరిచాడు.

థోవా కరిగిన సంచి తీసి కొత్త సంచి కట్టింది.

మూడోరోజు రెండు గంటలకు ఏదో వాసన. తియ్యగా, గోళ్ల రంగులాగా.

థోవా తెల్లపెట్టె వైపు చూసింది.

'కూయలేదుగా' అనుకుని ఇంకో టీ కలిపింది.

అంతలో బుస్సుమంది. చివరి స్కూటర్ నుంచి తెల్లటి పొగ. క్షణంలో మెట్లు కనబడలేదు. పైన పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"లువా!"

అవతల నుంచి అతను ఒక్క పరుగున వచ్చాడు. పొగలోకి దూరి ప్లగ్గు పీకాడు. బ్యాటరీని పెకిలించి గుండెలకు హత్తుకుని బయటికి పరుగెత్తాడు.

"దగ్గరికి రాకండి! ఎవరూ రాకండి!"

సందు చివర, మనుషులు లేనిచోట, దాన్ని దించడానికి వంగాడు. వంగుతుండగానే అది పేలింది.

లువా బిడ్డను దుప్పట్లో చుట్టుకుని దిగి వచ్చింది. దగ్గు తప్ప ఇద్దరికీ ఏమీ కాలేదు.

గోడ మీద ఐసు సంచి ఇంకా చుక్కచుక్కగా కారుతూనే ఉంది.

నాలుగోరోజు థోవా చేపల జావ కాచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. అతని మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"పొద్దునే పోయాడు. మీ మనిషా?" అంది నర్సు.

అతని పేరైనా థోవాకు తెలియదు.

"మా మనిషే," అంది.

"ఇంకెవరూ రాలేదు." నర్సు ఒక సంచి చేతికిచ్చింది.

లోపల ఒక నోటు పుస్తకం. అందులో నలభై ఒక్క బ్యాటరీల నంబర్లు, ఒక్కోదాని ఎదుట ఒక్కో ఇంటి చిరునామా. నలభై కొట్టేసి ఉన్నాయి. చివరిది ఆమె సందు, ఆమె గుమ్మం.

ఈ మనిషికి లాభమెక్కడ? థోవా అప్పటికీ వెతుకుతూనే ఉంది.

నర్సునడిగి కలం తీసుకుంది. నలభై ఒకటోది కొట్టేసింది. పక్కన ఏం రాయాలో తెలియక పై వరసలు చూసింది.

నలభై వరసల పక్కనా ఒకటే సంతకం, నీలిసిరాతో, తోక గాలపుముల్లులా వంచి. భయపడిన ప్రతివాడికీ ఐదు నెలలుగా ఆమె వేలుపెట్టి చూపించిన సంతకమే అది.