ఖాళీ కుర్చీకి అన్నం

“మళ్లీ పెట్టిందమ్మే! ఖాళీ కుర్చీ ముందర మళ్లీ పళ్లెం పెట్టింది!”

వంటగది తలుపు చాటున ఫోను చెవికి నొక్కుకుని హుస్సేనమ్మ పళ్లు నూరింది. అవతల తహ్మీనా నవ్వింది. ఇద్దరిదీ రాయచోటే. దుబాయ్‌లో ఇద్దరూ పనిచేసేది జపాన్ వాళ్ల ఇళ్లలోనే.

“అది వాళ్ల ఆచారం అక్కా. దూరంగా చిక్కుకున్నోళ్లు ఆకలితో ఉండకూడదని, క్షేమంగా తిరిగి రావాలని ఇంట్లో వాళ్ల వంతు అన్నం పెడతారంట. సూప్ గిన్నె మూత తీసి చూస్తాదా మీ మేడమ్?”

“రోజూ చూస్తాది. అద్దంలో మొహం చూసుకున్నట్టు!”

“మూత లోపల చెమ్మ పట్టుంటే ఆ మనిషి బాగున్నట్టు గుర్తంట. విమానాలు ఆగిపోయి మీ సాబ్ మార్చి నుంచి జపాన్‌లోనే ఉండాడు గదా. ఆయన కోసరమే.”

“ఆయనకి ఆకలా? వాళ్లమ్మ ఇంట్లో కూర్చోని, వీడియో కాల్లో నూడుల్స్ జుర్రుకుంటా కనబడతాడు! ఆకలి నా మొగుడిది తహ్మీనా.”

తహ్మీనా నవ్వు ఆగిపోయింది.

కరోనా వచ్చిందని సోనాపూర్ కూలీల క్యాంపు నుంచి ఆమె మొగుడు మీరావలిని బస్సెక్కించి ముప్పై ఎనిమిది రోజులైంది. ఎక్కడికి తీసుకెళ్లారో తెలియదు. ఫోను స్విచాఫ్. కంపెనీ మేనేజరుకు ఫోన్ చేస్తే, “ఖలాస్, మళ్లీ చేయకు” అని పెట్టేశాడు.

ఆ రోజు హుస్సేనమ్మ ఈ వంటగదిలోనే కూలబడి ఏడ్చింది. మేడమ్ వచ్చింది. ఆమెకు హిందీ రాదు, హుస్సేనమ్మకు ఇంగ్లీషు రాదు. మేడమ్ ఆమె చేతిలోని ఫోను అందుకుని అందులో మీరావలి ఫోటో చూసింది. పేరేమిటని సైగ చేసి, రెండుసార్లు చెప్పించుకుంది. తల వంచి వెళ్లిపోయింది. అంతే! భుజం మీద చెయ్యి కూడా వేయలేదు. సోనాపూర్ వెళ్లొస్తానని బతిమాలితే, బయట తిరిగే పర్మిట్ లేదని చెయ్యి అడ్డంగా ఊపింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచీ ఈ పళ్లెం మొదలైంది.

‘నా ఏడుపు చూస్తే తన మొగుడు గుర్తొచ్చినాడు మహాతల్లికి!’

ఆ పళ్లేనికి ఎంత మర్యాదని! దానికి విడిగా కొత్త గిన్నెలో వంట. తన కూరలన్నిటిలో పోసుకునే జపాన్ సారా అందులో చుక్క కూడా పోయదు. పూజ చేసినట్టు వండుతుంది. తీరా గంట గడిచాక, చల్లారిన ఆ పళ్లేన్ని రెండు చేతులతో తెచ్చి హుస్సేనమ్మ ముందు పెడుతుంది. తినమని సైగ చేస్తుంది.

“కుర్చీ వదిలేసిన కూడు నాకా? నేనేం కుక్కనా?” తెలుగులోనే తిట్టి పళ్లెం వెనక్కి తోసేది హుస్సేనమ్మ. మేడమ్ ఒక్క మెతుకు మిగల్చకుండా తానే తినేది.

జూన్‌లో మొరితా సాబ్ వచ్చాడు. పద్నాలుగు రోజులు గదిలోనే విడిగా ఉండి, పదిహేనో రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరికి వచ్చాడు. మీరావలి ఫోను ఇంకా మూగగానే ఉంది.

ఇవాళ్టితో ఆ తంతు వదిలిందనుకుంటూ నీళ్లు తెచ్చిన హుస్సేనమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. సాబ్ ముందు పళ్లెం. మేడమ్ ముందు పళ్లెం. ఖాళీ కుర్చీ ముందు పళ్లెం!

“సాబ్!” గొంతు పగిలేలా హిందీలో అరిచింది. ఢిల్లీలో ఎనిమిదేళ్లు పనిచేసిన సాబ్‌కు హిందీ బాగా వచ్చు. “మీరొచ్చేశారు కదా. ఇంకా ఈ కూడు ఎవరికి? దయ్యాలకా?”

“హుస్సేనమ్మా, కాస్త నెమ్మదిగా...”

“నెమ్మదా? యాభై రోజులు దాటింది సాబ్! నా మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. గుక్కెడు గంజి ఎవరైనా పోశారో లేదో తెలియదు. మీ ఇంట్లో కుర్చీలు మాత్రం రెండు కూరలతో తింటాయి! మిగిలింది నాకు! నాకు మనసు లేదా? నేను మనిషిని కాదా?”

ఒక్క ఊపున చేత్తో పళ్లేన్ని తోసేసింది. గిన్నె భళ్లున పగిలింది. సూప్ గోడ మీద చిమ్మింది. అన్నం నేలంతా చెదిరింది.

“పంపెయ్యండి నన్ను! ఈ ఇంట్లో ఒక్క పూట ఉండను!”

మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, పెంకుల మధ్య నుంచి ఒక్కొక్క మెతుకే ఏరసాగింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

సాబ్‌కూ ఏమీ అర్థం కాలేదు. వంగి, పళ్లెం ఎవరి కోసమని తన భాషలో భార్యను అడిగాడు.

మేడమ్ తలెత్తింది. సాబ్ వైపు కాదు, హుస్సేనమ్మ వైపు చూసింది. ఒకే ఒక్క మాట అంది.

“మీరావలి.”