ముళ్ల కంప

"ఏయ్ ముసలోడా! కంప కొట్టుమంటే భూమికి చెవి ఆనిచ్చి పండుకున్నవేంది?"

బుచ్చిరాములు అరుపుకు క్వార్టర్ల వరుసంతా ఇటు తిరిగింది.

ముసలాయన లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. చేతికర్రతో ఇంకోచోట తట్టి, తల వంచి విన్నాడు.

బుచ్చిరాములు బొగ్గు బాయి ఆఫీసులో హాజరు గుమాస్తా. బాయి కూడు తినబట్టి పదేళ్లయినా ఒక్కనాడూ బాయి దిగలేదు. దిగి వచ్చేవాళ్లు ఎదురైతే మాత్రం ముక్కు మూసుకుంటాడు.

క్వార్టర్ల వెనక ఖాళీ జాగలో తుమ్మ కంప, ఉమ్మెత్త, పొయ్యిల బూడిద, పగిలిన సీసాలు. తొలకరి మిరుగం కార్తె లోపల ఎవరు బాగు చేసుకుంటే జాగ వాళ్లదేనని సూపర్వైజర్ చెప్పాడు. గుమాస్తా భార్య దుర్గవ్వకు ఆ జాగ కావాలి. ఆమెది ఎవుసం ఇల్లు. చిక్కుడు పందిరి వేసి పదేళ్లయింది.

సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో వచ్చాడు ఈ ముసలాయన. కుడిచేతికి మూడే వేళ్లు.

"జాగ నేను సాఫ్ చేస్త సారూ. కూలి వద్దు. ఇంత బువ్వ పెడితే సాలు."

పుణ్యానికి దొరికిన పనివాణ్ణి ఎవరు వదులుకుంటారు? బుచ్చిరాములు అసలే వదులుకోడు.

మూడు రోజుల్లో జాగ అద్దంలా అయింది. నడుమ బండి చక్రమంత మేర కంప మాత్రం మిగిలిపోయింది.

"గదెందుకు ఇడిసిపెట్టినవ్?"

"గదొక్కటి ముట్టకుర్రి సారూ. కింద డొల్ల ఉన్నది."

"డొల్ల నీ తలకాయల ఉన్నది!"

"తట్టి సూసిన సారూ. గట్టి భూమి పలుకు వేరు, డొల్ల భూమి పలుకు వేరు."

"ఇన్నవా దుర్గా? భూమితోని ముచ్చట్లు పెట్టేటోనికి మూడు రోజులసంది బువ్వ పెడుతున్నం!"

"పోనియ్యయ్యా. గంత జాగల ఇత్తులు పెట్టకుంటే ఏమైతది?"

"రేపు సూపర్వైజర్ కంప సూసిండంటే జాగ పక్కోళ్లకు పోతది. ఇష్టమేనా?"

దుర్గవ్వ చిక్కుడు గింజల మూట విప్పి ఏరుకోసాగింది. జాగ మీద ఆశ అలాంటిది.

బుచ్చిరాములు ముసలాయన ముందున్న పళ్లెం లాక్కుని కుక్కకు కుమ్మరించాడు.

"పనికి దొంగ, తిండికి ముందు. నడువ్!"

ముసలాయన కర్ర అందుకుని పోయాడు.

మిగిలిన కంప గుమాస్తానే కొట్టి అవతల పారేశాడు. మరునాడు సూపర్వైజర్ వచ్చి చూసి, జాగ మీదేనన్నాడు.

ఆ మరునాడు తెల్లారి చూస్తే నడుమ మళ్లీ కంప! ఈసారి బండి చక్రమంత కాదు. ఆ చోటుకు నాలుగు దిక్కులా బారెడు అవతలికి జరిపి, చుట్టూ దడి కట్టినట్టు పరిచి, పైన రాళ్లు పెట్టి ఉంది. పక్కనే ముసలాయన. మూడు వేళ్లూ నెత్తురు.

బుచ్చిరాములు ఆయన మెడ పట్టి లేపాడు. వాచ్‌మన్‌ను కేకేశాడు.

"నా జాగ మీద కన్నేసిండు దొంగముండాకొడుకు! బెల్లంపల్లి బండి ఎక్కిచ్చి రా. మళ్ల గిటు కనబడితే కాళ్లు ఇరగ్గొడ్త."

వాచ్‌మన్ ఈడ్చుకుపోతుంటే ముసలాయన దుర్గవ్వ వైపు తిరిగి ఒక్కటే అన్నాడు.

"బిడ్డా, కంప తియ్యకు."

ఆఫీసు సైరన్ మోగింది. కంప సంగతి సాయంత్రం చూద్దామని బుచ్చిరాములు పరుగెత్తాడు. సాయంత్రానికి మిరుగం వాన దంచి కొట్టింది.

పొద్దున్నే దుర్గవ్వ చిక్కుడు గింజలు కొంగున కట్టుకుని జాగలోకి దిగింది. నడుమ అయితే పందిరికి నాలుగు దిక్కులా ఎండ తగులుతుంది. కంప దాటబోయింది. కొంగు ముల్లుకు పట్టుకుంది.

"పాడు ముసలోడు," అని విసుక్కుంటూ వంగింది.

అంతలో ఆమె కళ్ల ముందే భూమి దిగిపోయింది.

చప్పుడుకు ఉరికి వచ్చిన బుచ్చిరాములు భార్యను వెనక్కి లాగాడు. జానెడు అవతల చీకటి గుంత. పైనుంచి జారిన రాయి ఎంతసేపటికో అడుగున చప్పుడు చేసింది.

జనం పోగయ్యారు. ముసలి గని కార్మికుడు కొమురెల్లి కంప దడి చుట్టూ తిరిగి చూశాడు.

"గీ కంప ఎవరు పెట్టిన్రు సారూ?"

"ఎవడో పిచ్చోడు. కట్టెతోని భూమిని తట్టుకుంట..."

"కుడిచేతికి రెండు ఏళ్లు లేవా?"

బుచ్చిరాములు తలూపాడు.

"హనుమండ్లన్న! అయ్యో, హనుమండ్లన్న సారూ! కంపెనీ రాకముందు గీడ ఒక గుత్తేదారు బాయి ఉండె. లోపల మా నెత్తి మీది కప్పు తట్టి, కూలుతదో నిలుస్తదో సూసుడు ఆయన పని. ఆయన సై అంటెనే మేం లోపలికి పోయేది. గా కట్టె సప్పుడు మీద ఎంతమందిమి బతికినమో! బాయి కూడు తినుకుంట గది గూడ తెల్వదా నీకు?"

"ఏడుంటడు?" గుమాస్తా కొమురెల్లి చెయ్యి పట్టుకున్నాడు. "తోలుకొస్త. కాళ్లు మొక్కుత."

"ఏడని దేవులాడుతవు? గా మనిషికి ఊరున్నదా, ఇల్లున్నదా?"

దుర్గవ్వ ముల్లుకు వేలాడుతున్న కొంగు పీలికను చూస్తూ ఏడ్చింది.

"మూడు దినాలు కష్టపడ్డడు. కూలి ఎందుకు వద్దన్నడో ఒక్కమాట అడగకపోతిమి."

కొమురెల్లి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గుంత వైపు చేతులు జోడించాడు.

"ఇరువై ఏండ్ల కింద ఆయన జెరమొచ్చి పండుకున్న నాడు, తట్టకుంటనే గుత్తేదారు నలుగురిని దింపిండు. కప్పు కూలింది. ముగ్గురి పీనుగులు దొరికినయ్, నాలుగోది దొరకలే. కూలెట్ల అడుగుతడు బిడ్డా? ఆయన సాఫ్ చేసింది కన్నకొడుకు గోరి."