రాత్రికి రాత్రి కిలోన్నర

ఐదు కిలోల ఆరు వందలు.

ప్రమీల పాపను త్రాసు మీది నుంచి ఎత్తి, మళ్ళీ పడుకోబెట్టి చూసింది. అదే అంకె. నిన్న పొద్దున ఇదే త్రాసు మీద సమ్మక్క ఏడు కిలోల వంద గ్రాములు తూగింది.

భద్రాచలంలో గోదావరి కరకట్ట పక్కన, బక్కచిక్కిన పిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కేంద్రం అది. పొద్దున్నే పిల్లల్ని తూచడం, వాళ్ళు తిన్నదీ తాగిందీ కంప్యూటర్లో ఎక్కించడం ప్రమీల పని. ఎన్ని గ్లాసుల పాలు, ఎన్ని చెంచాల కిచిడీ అని కొడితే చాలు, ఆ తిండితో పిల్ల వారానికి ఎంత తూగుతుందో, రెండు వారాలకు ఎంతవుతుందో అది గీత గీసి చూపిస్తుంది. ఆ కంప్యూటర్ రెండువేల ఎనిమిదిలో వచ్చింది. వచ్చిన ఈ ఆరు నెలల్లో దాని లెక్క యాభై గ్రాములకు మించి తప్పలేదు. సమ్మక్క ఇవాళ్టికి ఏడు కిలోల నూటయాభై ఉండాలని చెప్పింది.

వంటగదిలో నుంచి రెండు కిలోల చక్కెర ప్యాకెట్ తెచ్చి త్రాసు మీద పెట్టింది. సరిగ్గా రెండు కిలోలు. త్రాసులో తప్పేమీ లేదు.

డాక్టర్ బాలకృష్ణ వచ్చి కార్డు చూశాడు. పిల్లను చూశాడు. తర్వాత ప్రమీల ముఖంలోకి చూశాడు.

"పదిహేను రోజుల నుంచి నువ్వు ఎక్కిస్తున్నవి నిజం అంకెలేనా?"

"నిజమే సార్. రోజూ నా చేత్తోనే తూచిన."

"ఒక్క రాత్రిలో కిలోన్నర తగ్గితే ఏ పిల్లా బతకదు. ఈ పిల్ల బతికే ఉంది. అంటే నిన్నటి అంకె అబద్ధమన్నా కావాలి, లేదంటే నాకు తెలియని రోగమేదో దీనికి వచ్చి ఉండాలి."

ఆయన పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలాడు. ముడత అలాగే నిలబడిపోయింది.

"రాత్రి విరేచనాలు అయ్యాయా?"

"ఒక్కసారి గూడ కాలే సార్," అంది రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా జమ్లి. "దుప్పటి కప్పుకొని తల్లీపిల్లా మంచిగనే పండుకున్నరు."

నిన్న పాలగ్లాసు కనబడగానే రెండు చేతులూ చాచిన పిల్ల. ఇవాళ కళ్ళు లోపలికి పోయి, చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేకుండా పడి ఉంది. మంచం కోళ్ళ దగ్గర కూర్చున్న తల్లి ముత్తక్క తల వంచుకుని నేల చూస్తోంది. చర్ల అవతల అడవిలో వాళ్ళ గూడెం.

"ఏమైంది ముత్తక్కా? రాత్రి ఏమన్న పసరు గిట్ల తాపినవా?"

"లే మేడం."

"మరి ఏంది ఇది? నిన్నటి పిల్లేనా?"

ముత్తక్క పాప కాళ్ళ మీదికి కొంగు లాగింది.

"ఇక్కడ మనవల్ల కాదు," అన్నాడు డాక్టర్. "వరంగల్ పెద్దాసుపత్రికి పంపుదాం. అంబులెన్స్‌కి చెప్పండి. దారిలో ఏమైనా జరగొచ్చు, తల్లి వేలిముద్ర తీసుకోండి."

ప్రమీల కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల పేరు అన్నచోట 'స' అని రాసిందో లేదో, ముత్తక్క లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"గా పేరు రాయకు మేడం."

"ఎందుకు?"

"దారిల ఏమన్న అయితే సమ్మక్క పోయిందని రాస్తరు. సమ్మక్క మంచిగున్నది. ఇది సారక్క."

జమ్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోన్ చేయబోతున్న డాక్టర్ ఆగిపోయాడు.

"కవలలా?"

"అవ్ సార్. ఒక్క కాన్పే. నిన్న పొద్దుగూకినంక వాళ్ళయ్య వచ్చిండు. దీన్ని నాకిచ్చి దాన్ని తీస్కపోయిండు. అది మంచిగైంది గదా అని."

ప్రమీల కళ్ళు మూసుకుని తెరిచింది. అంకెలు అబద్ధం కాదు. రాత్రికి రాత్రి కరిగిపోయిన పిల్ల ఎవరూ లేరు. డాక్టర్ ఆమె వైపు చూడలేక స్టెతస్కోపు సర్దుకున్నాడు.

"అంబులెన్స్ వద్దు," అన్నాడు. "ఇది తిండి లేని పిల్ల. దీనికి మనమే చాలు. కొత్త కార్డు రాయండి."

జమ్లి పాలు తెచ్చింది. మొదటి రెండు చెంచాలూ పాప పెదవుల పక్కనుంచి కారిపోయాయి. మూడోది గుటక పడింది. నాలుగోది కూడా పడ్డాక, ప్రమీల కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త పేజీలో సారక్క పేరు కొట్టింది. ఐదు కిలోల ఆరు వందలు. రోజుకు ఇన్ని పాలు. గీత మెల్లగా పైకి లేచి, రెండు వారాల దగ్గర ఆరు కిలోల నాలుగు వందలు చూపించింది.

"చూడు ముత్తక్కా, ఇది గూడ మంచిగైతది," అంది. చెప్పాక ఇంకా ఏదో మిగిలినట్టు ఆమె వైపు తిరిగింది. కోపం వద్దనుకున్నా గొంతులోకి వచ్చేసింది. "గానీ ఇది గంత బక్కగుంటే, ముందుగాల దీన్నే తేవాలె గదా. పదిహేను రోజులు ఇంటికాడ ఎట్ల ఉంచినవ్?"

ముత్తక్క పాప మూతి తుడుస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఈడ ఇంటికి ఒక్క మంచమే ఇస్తమన్నరు మేడం. బతికేటట్టు కనబడ్డదాన్ని తెచ్చిన."